వెనుక రెక్క చూసి చెప్పండి



చేబ్రోలు వెళ్ళినవారు అక్కడి కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడి చూచే ఉంటారు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కట్టించిన గుడి అది. బ్రహ్మకు నాలుగు ముఖాలు గదా! ఒక వాకిట నిలబడితే ఒక ముఖమే కానవస్తుంది. తక్కినవి చూడాలంటే చుట్టూ తిరగాలి. ఈ పూట నేను చెప్పబోయే పురుగుకు నాలుగు ముఖాలు లేవు గాని, రెండున్నాయి. ఒకటి అది నలుగురికీ చూపించే ముఖం. రెండవది దాచుకునే ముఖం. చూపించే ముఖాన్ని నమ్మి ఎందరో రైతులు మోసపోతున్నారు. దాచుకున్న ముఖం చూసిన రైతు ఒక్కడే దాని గుట్టు పట్టగలుగుతాడు.

అది పండ్ల రసం పీల్చే రెక్కల పురుగు. ఒక్క పురుగు కూడా కాదు, ఒకే తీరుగా కనబడే నాలుగైదు జాతులు. బత్తాయికీ, కమలాకూ దీని బెడద హెచ్చు. నిమ్మకు కొంత తక్కువే గాని, చెట్టున పండబారిన నిమ్మకాయను అది వదిలిపెట్టదు. జామ, దానిమ్మ, సపోటా, మామిడి, చివరకు టమాటా కూడా దానికి ఇష్టమే. తెనాలి నిమ్మకాయల బజారుకు సరుకు తోలే రైతులూ, పెరట్లో నాలుగు బత్తాయి చెట్లు పెంచుకునే గృహస్థులూ దీన్ని తెలుసుకోవడం అవసరం.

ఒక సంగతి చెబుతాను. చేబ్రోలు దాపున ఒక ఊళ్ళో ఒక పెద్దాయనకు ఎకరంన్నర నిమ్మతోట, తోట గట్టున పాతిక బత్తాయి చెట్లు ఉన్నాయి. భాద్రపద మాసంలో నేను వెళ్ళేసరికి బత్తాయి చెట్ల కింద కాయలు రాలి పడున్నాయి. కొన్ని కుళ్ళి వాసన కొడుతున్నాయి. "మూడుసార్లు మందు కొట్టించానండీ, ఒక్క పురుగూ చావలా. మందు కల్తీదేమో!" అన్నాడాయన. "ఎప్పుడు కొట్టించారు బాబాయిగారూ?" అని అడిగాను. "ఎప్పుడేమిటి, పొద్దున్నే, ఎండెక్కకముందే" అన్నాడు. "చెట్టుమీద పురుగు చూశారా?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "చూడలేదండీ. కాయ రాలుతుంటే కొట్టించా" అన్నాడు.

సోదరులారా, మందు కల్తీది కాదు. పగటివేళ ఆ చెట్టుమీద చావడానికి పురుగే లేదు. పురుగు పిల్ల పెరిగేది ఆ చెట్టుమీద కాదు. పెద్ద పురుగు పగలు ఆ తోటలో ఉండదు. పొద్దుగూకిన తరువాత వస్తుంది, పండులో ముక్కు గుచ్చుతుంది, రసం తాగుతుంది, తెల్లవారేలోగా వెళ్ళిపోతుంది. మూడుసార్లు కొట్టిన మందు ఎవరికి తగిలిందయ్యా అంటే, చెట్టుకూ, కాయకూ, పూతమీద వాలే తేనెటీగకూ తగిలింది. పెద్దాయన సొమ్ము కూడా దానితో పోయింది.

అందుచేత మొదట రాలిన కాయను చూడడం నేర్చుకుందాం. కాయ రాలడానికి కారణాలు చాలా ఉంటాయి. నీటి ఎద్దడి కావచ్చు, తెగులు కావచ్చు, పండు ఈగ కావచ్చు, ఈ రెక్కల పురుగు కావచ్చు. ఈగకూ రెక్కల పురుగుకూ తేడా చేతితోనే తెలుస్తుంది. అప్పుడే రాలిన కాయను తీసుకుని తొక్కమీద గుండుసూది మోపినంత బెజ్జం ఎక్కడుందో చూడండి. బెజ్జం చుట్టూ తొక్క మెత్తబడి రంగు మారి ఉంటుంది. కాయను మెల్లగా నొక్కండి. ఆ బెజ్జంలోంచి రసం సన్నటి ధారగా చిమ్మితే రెక్కల పురుగు పని అని అనుమానించవచ్చు. ఇక కాయను కోసి చూడండి. లోపల కాళ్ళులేని తెల్లటి చిన్న పురుగులు కదులుతూ ఉంటే అది పండు ఈగ. రెక్కల పురుగైతే లోపల పురుగులేవీ ఉండవు. అది పండులో గుడ్డు పెట్టదు. కేవలం తాగి పోతుంది. అయితే అది చేసిన బెజ్జంలోంచి బూజు, కుళ్ళు పుట్టించే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. నాలుగు రోజుల్లో కాయ నేలపాలవుతుంది. ఒక పురుగు ఒక రాత్రి ఒక్క కాయతో తృప్తిపడదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం తాగుతుంది. అందుకే పురుగులు కొద్దిగా ఉన్నా నష్టం పెద్దదిగా ఉంటుంది.

"రెక్కల పురుగు మెత్తనిది గదా, అంత గట్టి తొక్కను ఎట్లా తొలుస్తుందండీ?" అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నే ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులకూ వచ్చింది. మామూలు సీతాకోకచిలుక నాలుక మెత్తగా, గడియారపు స్ప్రింగులాగా చుట్టుకుని ఉంటుంది. పూవులో తేనె తాగడానికి అది చాలు. ఈ పురుగు నాలుక చివర మాత్రం గట్టిగా, మొనదేలి, పక్కలకు ముళ్ళతో రంపంలాగా ఉంటుంది. పేరుమోసిన చార్లెస్ డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ 1875లో ఈ నాలుక నిర్మాణాన్ని గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాశాడు. నారింజలు తాగే పురుగు అనే ఆయన దాన్ని పిలిచాడు. తొక్కను గుచ్చి, ఇటూ అటూ కదిలించి, లోపలి తొనదాకా దించే సాధనం అది.

ఇక పెద్దాయన తోటకు వద్దాం. "ఈ రాత్రి ఎనిమిది గంటలకు టార్చిలైటు తీసుకుని వస్తాను, తోటలో ఉండండి" అని చెప్పాను. వెళ్ళాం. దీపం మీద ఎర్ర కాగితం చుట్టాం, తెల్లటి వెలుతురు పడితే పురుగు బెదిరి లేచిపోతుంది గనుక. బత్తాయి చెట్టు దగ్గర నిలబడి చూస్తే పండుకు ఒక ఎండుటాకు అంటుకుని ఉన్నట్టుంది. దాని కళ్ళు మాత్రం నిప్పుకణాల్లాగా మెరుస్తున్నాయి. పెద్దాయన దగ్గరకు వచ్చి చూసి, "ఇదా! రాత్రిళ్ళు మా వసారా దీపం దగ్గరకూ వస్తుందండీ. సీతాకోకచిలుకే గదా, పాపం పూలమీద వాలేది" అన్నాడు. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి చూస్తూనే ఉన్నాడు. తన కాయను రాల్చేది అదేనని మాత్రం తోచలేదు.

అక్కడే అసలు కిటుకు ఉంది. ఈ పురుగు వాలినప్పుడు ముందు రెక్కలు రెండూ ఇంటి కప్పులాగా వెనక్కు ముడుస్తుంది. అప్పుడు మనకు కానవచ్చేవి ముందు రెక్కలే. వాటి రంగు ఎండుటాకు రంగు, బెరడు రంగు. ఆ రంగులో ఎన్నో జాతుల పురుగులు ఉంటాయి. పయిగా ఒకే జాతిలోనే మగదాని ముందు రెక్క ఒక తీరు, ఆడదాని ముందు రెక్క మరో తీరు. ఆడదానికి మచ్చలు హెచ్చు. రెంటినీ పక్కపక్కన పెడితే వేర్వేరు పురుగులనే అనుకుంటాం. కనుక ముందు రెక్క చూసి పేరు చెప్పబోతే పొరపాటు తప్పదు.

వెనుక రెక్క అట్లా కాదు. ముందు రెక్కను మెల్లగా పక్కకు జరిపితే కింద మెరిసిపోయే రంగు ఉంటుంది. పక్షి ముక్కుతో పొడవబోయినప్పుడు పురుగు చటుక్కున ఆ రంగు విప్పుతుంది. పక్షి బెదురుతుంది. ఆ క్షణంలో పురుగు తప్పించుకుంటుంది. ఇట్లా కింది రెక్కలో అందం దాచుకునే పురుగులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. చలి దేశాల్లోనూ, మన హిమాలయాల్లోనూ కాటోకలా అనే జాతులున్నాయి. వెనుక అందం కలది అని ఆ గ్రీకు పేరుకు అర్థం. ష్రాంక్ అనే పండితుడు 1802లో ఆ పేరు పెట్టాడు. అక్కడి వారు కూడా ఒకదానినొకటి పోలిన జాతులను వెనుక రెక్క పట్టీలు చూసే విడదీస్తారు. మన కృష్ణా డెల్టాలో ఆ కాటోకలాలతో మనకు పని లేదు. కాని వాటిని గుర్తుపట్టే ఉపాయం మన పండ్ల పురుగులకు చక్కగా పనికివస్తుంది.

ఇప్పుడు వినండి. నాలుగు గుర్తులు చెబుతాను. శాస్త్రీయ నామాలు నోరు తిరగవు గనుక, పని జరగడానికి నేనే నాలుగు ముద్దు పేర్లు పెట్టుకున్నాను. చుక్క పురుగు, కొక్కెం పురుగు, రెండు పట్టీల పురుగు, నలుపు తెలుపు పురుగు.

మొదటిది చుక్క పురుగు. వెనుక రెక్క నారింజపండు రంగులో ఉంటుంది. రెక్క నడుమ గుండ్రటి నల్ల చుక్క ఒకటి, నుదుట కాటుక బొట్టు పెట్టినట్టు. రెక్క అంచున నల్లటి పట్టీ, ఆ పట్టీలో తెల్లటి చిన్న చుక్కలు. రెక్కలు విప్పితే బెత్తెడు పొడవుంటుంది. దీని శాస్త్రీయ నామం యూడోసిమా మెటెర్నా. పాత పుస్తకాల్లో ఒత్రీస్ మెటెర్నా అని ఉంటుంది. లినేయస్ పండితుడు 1767లో పేరు పెట్టిన పురుగు ఇది.

రెండవది కొక్కెం పురుగు. వెనుక రెక్క ఇదే నారింజ రంగు, అంచున ఇదే నల్ల పట్టీ. అయితే నడుమ ఉండేది గుండ్రటి చుక్క కాదు. వంగిన పెద్ద నల్ల మచ్చ. జీడిగింజ లాగా అనండి, కొక్కెం లాగా అనండి. చుక్క పురుగుకంటే ఒక పిసరు పెద్దది. దీన్ని పాత పుస్తకాలు ఫుల్లోనికా అనీ, ఫుల్లోనియా అనీ వ్రాశాయి. ఇప్పటివారు యూడోసిమా ఫాలోనియా అంటున్నారు. పేరు మూడు తీరులుగా కనబడ్డా పురుగు ఒక్కటే సుమండీ. ఫ్రాన్సిస్ డార్విన్ పరీక్షించింది దీని నాలుకనే. ఇది మన దేశంలోనే కాదు, ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులదాకా ఉంది.

ఇదే కుటుంబంలో హోమీనా అనే మరో జాతి కూడా ఉంది. దాని వెనుక రెక్క మచ్చ కూడా వంపు తిరిగినదే. ముందు రెక్కమీద ఆకుపచ్చ ఛాయ చూసి పుస్తకాలు దాన్ని వేరు చేస్తాయి. మీరు దాన్ని కొక్కెం పురుగు కిందనే లెక్కవేసినా కొంప మునగదు. దాని అలవాట్లు, అది పుట్టే చోటు కొక్కెం పురుగువే. కచ్చితమైన పేరు కావాలంటే నమూనాను బాపట్ల వ్యవసాయ కళాశాలలో పురుగుల శాఖవారికి చూపండి. 1945 నుంచీ ఉన్న కళాశాల అది.

మూడవది రెండు పట్టీల పురుగు. దీనితోనే పొరపాటు హెచ్చు. వెనుక రెక్క ఇదీ పసుపుపచ్చనే. దూరాన్నుంచి చూస్తే కొక్కెం పురుగు అనే అంటాం. దగ్గరగా చూడండి. నడుమ చుక్క లేదు, కొక్కెం లేదు. రెక్కకు అడ్డంగా రెండు నల్లటి పట్టీలు, చీరకు రెండు బార్డర్లు వేసినట్టు. దీని పేరు థయాస్ కరొనేటా. పూర్వం ఓఫియూసా అనేవారు.

నాలుగవది నలుపు తెలుపు పురుగు. తక్కినవాటికంటే చిన్నది. వెనుక రెక్కలో పసుపు, నారింజ ఏమీ లేవు. నల్లటి రెక్క, నడుమ ఒక తెల్లటి పట్టీ, బయటి అంచున మూడు తెల్లటి మచ్చలు. ఇది మీకు కొత్త కాదు. ఆముదపు ఆకును ఈనెలు మిగిల్చి తినేసే దాసరి పురుగు ఉంది చూశారూ, కొన్నిచోట్ల నామాల పురుగు అంటారు, దానికి రెక్కలొస్తే ఇదే అవుతుంది. అకియా జనాటా. పిల్లగా ఉన్నప్పుడు ఆముదం తింటుంది, పెద్దదయ్యాక పండ్ల రసం తాగడానికి వస్తుంది.

"ఏ పురుగైతేనేమండీ, అన్నీ పండ్లమీద వాలేవే గదా. చంపితే సరి. ఈ చుక్కలూ కొక్కేలూ ఎందుకు?" అని ఆ రాత్రి పెద్దాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇది. దొంగను పట్టాలంటే దొంగ ఇల్లు తెలియాలి. ఈ నాలుగు దొంగల ఇళ్ళూ వేరు. వెనుక రెక్క మీద ఉన్న గుర్తే ఆ ఇంటి చిరునామా.

చుక్క పురుగు, కొక్కెం పురుగు పుట్టేది తిప్పతీగ మీద, దూసరతీగ మీద. తల్లి పురుగు ఆ తీగల ఆకులమీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు ఆ ఆకులే తిని పెరుగుతుంది. నిమ్మాకు, బత్తాయాకు ముట్టదు. రెండు పట్టీల పురుగు పిల్ల వాకిట్లో అల్లించుకునే రాధామనోహరం తీగమీదా, బాదం జాతి చెట్లమీదా పెరుగుతుంది. నలుపు తెలుపు పురుగు పిల్ల ఆముదం మీద పెరుగుతుంది. పయిగా మరో తేడా ఉంది. చుక్క పురుగూ, కొక్కెం పురుగూ గట్టి తొక్కనైనా స్వయంగా తొలుస్తాయి. నలుపు తెలుపు పురుగుకు అంత బలం లేదు. మెత్తబడిన పండునూ, ముందే బెజ్జం పడిన పండునూ వెతుక్కుంటుంది. అంటే మొదటివి గోడకు కన్నం వేసే దొంగలు, చివరిది ఆ కన్నంలో దూరే దొంగ. తోటలో మీకు నలుపు తెలుపు పురుగే ఎక్కువగా కనబడ్డా, కన్నం వేసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని వెతకాలి.

ఆ రాత్రి మేము పట్టిన వాటిలో ఎక్కువ కొక్కెం పురుగులే. తెల్లవారి తోట కంచె చుట్టూ తిరిగాం. ఉత్తరపు కంచె నిండా తిప్పతీగ, దూసరతీగ అల్లుకుని ఉన్నాయి. దూసరతీగ మీకు తెలుసు. ఆకు పిండి నీళ్ళలో కలిపితే ఆ నీళ్ళు కాసేపటికి పచ్చటి జున్నులాగా గడ్డకడతాయి. చిన్నప్పుడు అందరం ఆడుకున్న ఆటే అది. ఆకులు తిరగేసి చూస్తే పురుగు పిల్లలు దొరికాయి. ముదురు రంగు ఒళ్ళు, ఒంటిమీద చిన్న చిన్న రంగు చుక్కలు, పక్కకు రెండేసి గుండ్రటి మచ్చలు, కళ్ళు తెరిచి చూస్తున్నట్టు. పుల్లతో తాకితే తల కిందికి వంచి, వెనుక భాగం పయికెత్తి బెదిరిస్తుంది. నడిచేటప్పుడు నడుము ఎత్తి నడుస్తుంది. ముదిరిన పురుగు ఆకులను సన్నటి దారంతో దగ్గరకు లాక్కుని అందులో గూడు కడుతుంది. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, "కంచె నేనే పెంచుకున్నానండీ, దొంగకు పాక కూడా నేనే వేసి పెట్టా" అన్నాడు.

కంచె మీద ఉన్న తిప్పతీగ, దూసరతీగ వేళ్ళతో సహా తీసెయ్యాలి. పయిన కోసి వదిలితే మళ్ళీ చిగురిస్తుంది. తిప్పతీగ ముక్క కంచెకు వేలాడుతున్నా వేరు దింపుకుంటుంది. కనుక కోసిన తీగను ఎండబెట్టి తగులబెట్టండి. వానకాలం ముందే ఒకసారి, వానలు పడ్డ తరువాత ఒకసారి చూడండి. పక్క రైతు కంచె మీద ఉంటే మీరొక్కరు తీసి ప్రయోజనం లేదు. పురుగుకు రెక్కలున్నాయి, గట్టు దాటడం దానికి లెక్కలోది కాదు. నలుగురు రైతులు మాట్లాడుకుని ఒకే వారంలో చేయవలసిన పని ఇది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిప్పతీగ మందు మొక్క. కషాయానికి మన పెద్దలు వాడుతూనే ఉన్నారు. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచీ మరీ ఎక్కువమంది పెరట్లో నాటుకున్నారు. "మందు తీగను పీకెయ్యమంటారా?" అని ఆడవాళ్ళు నిలదీస్తారు. పీకమనను. ఇంటి దగ్గర ఒక తీగ ఉంచుకోండి. అయితే దాన్ని కనిపెట్టి ఉండండి. వారానికి ఒకసారి ఆకులు తిరగేసి గుడ్లు, పిల్ల పురుగులు ఏరెయ్యండి. కంచెలన్నీ శుభ్రం చేశాక ఊళ్ళో మిగిలేవి ఆ కొద్ది తీగలే. తల్లి పురుగు వెతుక్కుంటూ అక్కడికే రావాలి. ఏరడం మానకపోతే ఆ తీగే ఎర అవుతుంది. ఏరడం మానితే మాత్రం అదే పురుగుల పుట్ట అవుతుంది.

ఆముదం సంగతీ అంతే. మన గుంటూరు ప్రాంతంలో మిరప చేను చుట్టూ, పొగాకు నారుమడి చుట్టూ ఎర పంటగా ఆముదం వేస్తారు. పొగాకు లద్దెపురుగు ఆముదపు ఆకు మీద గుడ్లు పెడితే, ఆ ఆకు తుంచి నాశనం చేస్తారు. మంచి పద్ధతే. పండ్లతోటలో నలుపు తెలుపు పురుగులు కనబడ్డాయని ఆముదం మానవలసిన పని లేదు. లద్దెపురుగు కోసం ఆకు చూసినప్పుడే దాసరి పురుగును కూడా ఏరెయ్యండి. ఒక చూపుకు రెండు పనులు జరుగుతాయి.

ఇక తోటలో చేయవలసినవి. రాలిన కాయలను చెట్టు కింద ఉంచకండి. ఆ పులిసిన వాసనకే పురుగులు కూడుతాయి. ఏరి గుంట తీసి లోతుగా పూడ్చండి. పక్వానికి వచ్చిన పండును చెట్టున అట్టే నిలవ ఉంచకండి. కాపు పండే రోజుల్లో పొద్దుగూకే వేళ తోటలో గాలివాటున పొగ పెట్టడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. అయితే పొగ ఒక్క రాత్రి పెట్టి మానితే లాభం లేదు. పదిచెట్ల లోపు ఉన్నవారు కాయలకు సంచులు తొడగవచ్చు. సంచి అడుగున బెజ్జాలు పెట్టండి, లేకపోతే నీరు చేరి కాయ కుళ్ళుతుంది. జపాను దేశపు పండ్లతోటల్లో రాత్రంతా పసుపుపచ్చ దీపాలు వెలిగించి ఈ జాతి పురుగులను మందగింపజేస్తారు. ఆ వెలుతురులో పురుగు రాత్రి కాలేదనుకుంటుంది.

పులిసిన బెల్లపు నీళ్ళు, మగ్గిన పండు ముక్కలు మట్టి మూకుళ్ళలో పోసి తోట అంచున వేలాడగట్టండి. పురుగులు వాటికి కూడుతాయి. చీకటిపడ్డాక టార్చిలైటుతో పోయి చిక్కంతో పట్టి చంపవచ్చు. ఈ ఎరలో మందు కలిపే పద్ధతి కూడా ఉంది. కాని ఏ మందు ఏ పంట దగ్గర వాడవచ్చో ఆంక్షలు ఎప్పటికప్పుడు మారుతున్నాయి. 2023లో కూడా కొన్ని పాత మందులను కొన్ని పంటల మీద వాడరాదని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పాత పుస్తకంలో ఉన్నదని మందు కొనకండి. ఉద్యాన అధికారిని అడిగి, మందు పేరూ, మోతాదూ కాగితం మీద వ్రాయించుకోండి. మందు కలిపిన మూకుడు పిల్లలకూ, పశువులకూ అందని ఎత్తున కట్టండి. పండబారిన కాయమీద మాత్రం మందు చల్లకండి. పురుగు తాగేది లోపలి రసం. పయిన చల్లిన మందు పురుగుకంటే ముందు కొనుక్కుని తినేవారికే అందుతుంది.

విస్తరణ పనిలో ఉన్న మిత్రులకు ఒక మాట. రైతు మీ దగ్గరకు వచ్చి "గోధుమరంగు పెద్ద పురుగండీ" అంటే దాన్నిబట్టి సలహా చెప్పకండి. పురుగును తెమ్మనండి. ఈ రోజుల్లో సెల్ ఫోనులో ఫోటో తీసి పంపుతున్నారు, మంచిదే. కాని రెక్కలు ముడిచిన ఫోటో ఎందుకూ పనికిరాదు. చచ్చిన పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, అగ్గిపుల్లతో ముందు రెక్కను పయికి జరిపి, వెనుక రెక్క పూర్తిగా కనబడేట్టు ఫోటో తీయమని చెప్పండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెడితే పరిమాణం తెలుస్తుంది. ఫోటో ఎక్కడ తీశారో, ఏ తేదీనో, ఏ పండు మీదో కూడా వ్రాయించుకోండి.

ఇంకొక పని చెయ్యండి. నాలుగు జాతుల వెనుక రెక్కలూ ఎండబెట్టి, ఒక దళసరి అట్టమీద అంటించి, పయిన పారదర్శకమైన కాగితం వెయ్యండి. ఒక్కొక్క రెక్క కింద పురుగు పేరు, దాని పక్కనే అది పుట్టే మొక్క ఆకు ఒకటి అంటించండి. చుక్క రెక్క పక్కన తిప్పతీగ ఆకు. కొక్కెం రెక్క పక్కన దూసరతీగ ఆకు. రెండు పట్టీల రెక్క పక్కన రాధామనోహరం ఆకు. నలుపు తెలుపు రెక్క పక్కన ఆముదపు ఆకు ముక్క. ఆ అట్టను పంచాయతీ ఆఫీసులో తగిలించండి. చదువు రాని రైతు కూడా దాని ముందు నిలబడి తన పురుగు ఏదో, తాను ఏ కంచె చూడాలో చెప్పగలుగుతాడు.

పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సంవత్సరం కాపు చాలావరకు పోయింది. పోయిన కాపును ఎవరూ తిరిగి తేలేరు. కాని ఆ మాఘమాసంలో ఆయన పక్క రైతులిద్దరినీ వెంటబెట్టుకుని కంచెలు శుభ్రం చేశాడు. తిప్పతీగ ఒకటి మాత్రం బావి దగ్గర ఉంచుకున్నాడు. మనవడికి వారం వారం దాని ఆకులు తిరగేసే పని అప్పగించాడు. మరుసటి భాద్రపదంలో నేను వెళ్ళేసరికి బత్తాయి చెట్ల కింద కాయలు అక్కడక్కడ రాలి ఉన్నాయి. బెడద మొత్తం పోలేదు. కాని పండ్లు చెట్టున నిలిచాయి. మందు డబ్బా కొనలేదు. ఆ పిల్లవాడు అగ్గిపెట్టె ఒకటి తెచ్చి తెరిచి చూపించాడు. అందులో ఒక పురుగు ఉంది. "ఇది కొక్కెం కాదండీ, రెండు పట్టీలు. మా వాకిట్లో రాధామనోహరం ఉంది గదా" అన్నాడు.

ఎనిమిదేళ్ళ పిల్లవాడు చూడగలిగింది మనం చూడలేమా? ఈ వానకాలం ఒక్క రాత్రి టార్చిలైటు తీసుకుని తోటలోకి వెళ్ళండి. పండుకు అంటుకున్న ఎండుటాకు కనబడితే అది ఆకో పురుగో చూడండి. పురుగైతే ముందు రెక్కను నమ్మకండి. మెల్లగా పక్కకు జరిపి వెనుక రెక్క చూడండి. చూసిన తరువాత మందుల కొట్టుకు పోకముందు, మీ కంచె దగ్గరకు పొండి.